గాలి వాళ్ళ మనిషి

“ఆ తలకి ఏదన్నా చుట్టుకో లెట్టీ. వచ్చేవాళ్ళు జడుసుకుంటున్నారు” అంటూ దుకాణం చూసే తెల్లావిడ కుట్టుమిషను పక్కన కొత్త రుమాలు ఒకటి పెట్టిపోయింది.

లెట్టీ రుమాలు చుట్టుకుంది. చేతిలో ఉన్న పట్టీ కుట్టడం పూర్తి చేసింది. ఎర్ర ముక్క, పసుపు ముక్క, నల్ల ముక్క, మళ్ళీ ఎర్ర ముక్క. వారానికి నాలుగు రోజులు హైవే పక్కన ఈ రేకుల షెడ్డులో కూర్చుని లంగాలు కుట్టడం ఆమె పని. కుట్టిన లంగాలకి డబ్బులిస్తారు, కుడుతూ కనబడినందుకు ఏమీ ఇవ్వరు. బస్సులు దిగి వచ్చేవాళ్ళకి మాత్రం కనబడడమే ముఖ్యం. గోడ మీది పాత ఫొటోలో ఉన్నట్టు, జుట్టంతా ముందుకి తెచ్చి అట్ట మీద పరిచి గొడుగులా కట్టుకున్న సెమినోల్ ఆదివాసీ తెగ ఆడది వాళ్ళకి కావాలి. తెల్లావిడ ఒకసారి అట్ట కూడా తెచ్చింది, కత్తిరించి నల్లరంగు వేసి మరీ. “తల దువ్వుకుని దీనిమీద కట్టుకో, నీకు అలవాటే కదా, ఎంత బాగుంటావో” అంది. దువ్వుకోకూడదు అంది లెట్టీ. ఎందుకంటే మొగుడు పోయాడు అంది. అయ్యో ఎప్పుడు అంటే మూడేళ్ళయింది అంది. ఆవిడ అట్ట చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మొగుడు పోయి మూడేళ్ళయినా తల దువ్వుకోని మనిషికి మతి అయినా చెడి ఉండాలి, లేదా మొగుడంటే ప్రాణమైనా అయి ఉండాలి అనుకుని ఉంటుంది. రెండూ కావని ఆవిడకి చెప్పాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో లెట్టీకి తెలియలేదు.

ఆయన పోయింది అక్టోబరులో. పోయినవాళ్ళ పేరు ఎత్తితే పిలిచినట్టే గనక లెట్టీ ఆ పేరు మనసులో కూడా అనుకోదు, ఆయన అనే అనుకుంటుంది. పాతిపెట్టి వచ్చిన రోజున ఆయన పెద్దమ్మ, తొంభై ఏళ్ళ మనిషి, లెట్టీని పాక వెనక్కి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. మెడలో పూసల దండలన్నీ తీసేసింది. పిన్నులు ఒక్కొక్కటీ లాగి జుట్టు విరబోసింది. “లేతకంకుల పండక్కి మేమే వస్తాం. మేమే దువ్వుతాం, మేమే దండలేస్తాం. అందాకా దువ్వెన ముట్టకు. పదిమందితో మంట దగ్గర కూర్చోకు. అందాకా మావాడి పెళ్ళానివే” అంది. మేము అంటే గాలి వంశం వాళ్ళు. ఆయన గాలి వాళ్ళ మనిషి, లెట్టీ పక్షి వాళ్ళ ఆడపడుచు. మొగుడు పోయినదాన్ని విధవగా కట్టేదీ, మళ్ళీ విడిపించేదీ ఆ మొగుడి తల్లి వంశపు ఆడవాళ్ళే. ఇంకెవరు చేసినా చెల్లదు. పండగ జూలైలో, తొమ్మిది నెలల మాట కదా, ఎవరైనా ఓర్చుకుంటారు. లెట్టీ తల్లి ఓర్చుకుంది. పిన్ని రెండుసార్లు ఓర్చుకుంది.

అయితే పండగ రాకముందే, ఏప్రిల్‌లో, పెద్దమ్మే పోయింది. ఈ బిగ్ సైప్రస్ చిత్తడి వైపు గాలి వాళ్ళ ఆడవాళ్ళలో మిగిలింది ఆయన అక్క ఓపల్ ఒక్కతే. ఓపల్ పన్నెండేళ్ళ క్రితమే బాప్తిస్మం తీసుకుంది. ఆమె మొగుడు హోమర్ పక్షి వాళ్ళవాడు, లెట్టీకి పెద్దమ్మ కొడుకు. ఇక్కడ పెళ్ళయితే మొగవాడే అత్తగారి పాకలకి వస్తాడు. ఓపల్ తమ్ముడు లెట్టీ దగ్గరికి వస్తే, లెట్టీ అన్న ఓపల్ దగ్గరికి వెళ్ళాడు. ఓపల్ ఆమెకి రెండు రకాలా వదినే.

ఆ మొదటి వేసవిలోనే లెట్టీ ఓపల్ ఇంటికి వెళ్ళింది. ఓపల్ చర్చివాళ్ళ భోజనాలకి పెద్ద గిన్నెలో ఉడికిన దుంపలు చిదుముతోంది. జుట్టు మెడ దాకా కత్తిరించి, ఉంగరాలు తిప్పించుకుని ఉంది.

“వదినా, పండక్కి పదిహేను రోజులుంది. వస్తావా?”

“ఎక్కడికీ?”

“నా తల.”

“భలేదానివే! నేనా పనులు మానేశానని నీకు తెలీదూ? పాస్టరుగారికి తెలిస్తే ఆదివారం అందరి ముందూ నిలబెట్టి కడిగేస్తాడు. దువ్వెన నీ దగ్గరే ఉంది, చేతులు నీకే ఉన్నాయి. దువ్వుకో. దేవుడేమీ అనడు.”

“మీ దేవుడు అనడు. మీ తమ్ముడంటాడు.”

“వాడు ప్రభువు దగ్గరున్నాడు. పిచ్చి మాటలు మాట్లాడకు” అని ఓపల్ గరిటె ముందుకి చాపింది. “ఇదిగో, ఉప్పు సరిపోయిందేమో చూడు, నీకు అలవాటే కదా.”

లెట్టీ రుచి చూసింది. సరిపోయింది అంది. దుంపలు చిదమడం కూడా పూర్తి చేసి, గిన్నెలు కడిగి, కాలవ గట్టు వెంట నడిచి ఇంటికి వచ్చింది. అడగడానికి వెళ్ళి పని చేసి వచ్చానేమిటి అని సగం దారిలో తోచింది. ఆమె బతుకులో చాలా సంగతులు అలా సగం దారిలోనే తోచాయి.

“ఇలా రా అమ్మా, నేను దువ్వుతా” అంది కూతురు నోరా. నోరా తెగవాళ్ళ భూములు చూసే రిజర్వేషను ఆఫీసులో టైపు కొడుతుంది, ముప్ఫై దాటాయి, దేనికీ త్వరగా భయపడదు.

“నువ్వూ పక్షివే కదే.”

“అయితే? పక్షులకి దువ్వెన పట్టుకోవడం రాదా?”

లెట్టీకి నవ్వొచ్చింది. వెంటనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు వినబడితే ఆయనకి నచ్చదు. బతికున్నప్పుడూ నచ్చేది కాదు.

మూడు వేసవులు గడిచాయి. మూడుసార్లూ పండగ నాలుగు రోజులు లెట్టీ చెట్ల అవతల, నోరా ట్రక్కులో కూర్చుంది. మొగుడివాళ్ళు దువ్వి విడిపించని విధవ పండగ నేల మీద కాలు పెట్టకూడదు. లోపల వంశాల వారీగా పాకలు, మధ్యలో మంట, మగవాళ్ళ పాట, ఆడవాళ్ళ గజ్జెలు. ఒకప్పుడు తాబేటి చిప్పలతో చేసేవాళ్ళు ఆ గజ్జెలు. ఇప్పుడు పాలడబ్బాలకి చిల్లులు పొడిచి, గింజలు పోసి, డజన్లకొద్దీ తోలుకి కుట్టి పిక్కలకి కట్టుకుంటారు. మోకాలి కింద ఇటుకలు కట్టుకున్నంత బరువు. వాటితో తెల్లవార్లూ అడుగు తప్పకుండా నడవాలంటే ఆడదానికి దమ్ముండాలి. లెట్టీ ఇరవై రెండేళ్ళు మొదటి గజ్జె, వరసలో అందరికీ ముందు నడిచే మనిషి. పాట ఎత్తుకునే మగవాడు ఆమె కాళ్ళకేసి చూసి ఎత్తుకునేవాడు. ఇంట్లో ఆమె మాట ఎవరు విన్నా వినకపోయినా ఆ నాలుగు రాత్రులూ ఆమె అడుగు అందరూ వినేవాళ్ళు. ఇప్పుడు ట్రక్కులో అద్దం దించుకుని, దోమల్ని తోలుకుంటూ, కొత్తగా ముందు నడుస్తున్నదెవరో అడుగు కొంచెం తొందరగా వేస్తోందని చెవితోనే పట్టుకునేది. ఎంత వద్దనుకున్నా ఆమె మడమలు ట్రక్కు నేల మీద ఆడేవి. యాభై ఎనిమిదేళ్ళు. ఇంకో మూడు వేసవులు, మహా అయితే నాలుగు, ఈ మోకాళ్ళు ఆ బరువు మోస్తాయి. ఆ తరువాత తల ఎవరు దువ్వినా ఏం లాభం?

ఆమెని పట్టి కుదిపేది ఆ లెక్కే. అది కాకపోతే ఇల్లు.

లెట్టీ పుట్టింది గోడల్లేని చోట. తల్లి, పెద్దమ్మ, ఇద్దరు పిన్నులు, అమ్మమ్మ, అందరి పాకలూ ఒకే వాకిలి చుట్టూ ఉండేవి. నాలుగు గుంజలు, ఎత్తు మంచె, పైన తాటాకు. మధ్యలో అందరికీ ఒకే మంట, చక్రం ఆకుల్లా పేర్చిన దుంగలు, దానిమీద పొద్దస్తమానం సోఫ్కీ, మొక్కజొన్న జావ, కుండ. మొగుళ్ళు బయటి వంశాల నుంచి వచ్చిన వాళ్ళు. మాట తూలితే ఏడుగురు ఆడవాళ్ళకి వినబడేది. ఏడుగురూ ఒకేసారి పని ఆపి తల ఎత్తి చూసేవాళ్ళు, అంతే, మరేమీ అననక్కర్లేదు. పిన్ని ఒకసారి మొగుడి తుపాకీ, దుప్పటి, టోపీ తెచ్చి వాకిలి అంచున పెట్టింది. అతను వేటనుంచి వచ్చి వాటిని చూసుకుని, ఒక్క మాట మాట్లాడకుండా ఎత్తుకుని, తన తల్లి పాకలకి పోయాడు. అది తగువు కూడా కాదు. తలుపులు లేని చోట వెళ్ళిపోవడం అంత సులువు.

సిమెంటు ఇటుకల ఇళ్ళు కట్టిస్తామని ఆఫీసువాళ్ళు కాగితాలు పట్టుకు వచ్చినప్పుడు లెట్టీ తల్లి ఇంకా ఉంది. కాగితాలవాడు ఇంటికి పెద్ద ఎవరు అని అడిగాడు. లెట్టీ “మా అమ్మ” అంది. వాడు నవ్వాడు. “అలా కాదమ్మా, మగవాళ్ళెవరున్నారు?” అన్నాడు. అలా ఆయన పేరు రాసుకుపోయాడు. తల్లి అక్కడే మంట దగ్గర కూర్చుని జావ కలుపుతూ ఉంది. ఇంగ్లీషు రాదు గనక “ఏమంటున్నాడే?” అని అడిగింది. “ఏం లేదమ్మా” అంది లెట్టీ. ఆ ఏం లేదు అన్న మాట కొన్నేళ్ళపాటు ఆమె గొంతులో ముల్లులా ఉంది. పిన్నులకి కాలవ అవతల ఇళ్ళొచ్చాయి, నోరాకి రోడ్డు చివర. ఒక్కో ఇంట్లో ఒక్కో పెళ్ళాం, ఒక్కో పొయ్యి. సోఫ్కీ అడుగంటితే కూడా పక్కింటివాళ్ళకి వాసన రాదు. ఆయన అప్పటిదాకా చెడ్డవాడు కాడు. అత్తగారి పాకల్లో తలొంచుకుని తిరిగిన మనిషి, గోడలు రాగానే గొంతు పెంచాడు. “నా ఇంట్లో” అనడం నేర్చుకున్నాడు. నా ఇంట్లో జావ పలచగా ఉండాలి. నా ఇంట్లో ఆడవాళ్ళు పగలబడి నవ్వకూడదు. ఒకసారి పండగ నుంచి వచ్చేసరికి లోపల గడియ వేసి ఉంది. “వాళ్ళందరి ముందూ ఎగిరొచ్చావుగా, అక్కడే పడుకో” అన్నాడు లోపలి నుంచి. లెట్టీ ఎంతో సేపు ఆ తలుపుని చూస్తూ నిలబడింది. ఆమె బతుకులో మొదటి తలుపు అది. దాన్ని ఆమె ముఖం మీద మూసిన మొదటి మనిషి ఆయన. అమ్మ ఆ ఏడాదే పోయింది గనక ఈ సంగతి ఆమెకి తెలియదు. తెలియకపోవడమే మంచిదని లెట్టీ అనుకుంటుంది, అనుకుని మళ్ళీ కాదనుకుంటుంది.

తరువాత ఆయనకి చక్కెర జబ్బు వచ్చింది. ఒక పాదం తీసేశారు. మూడేళ్ళు లెట్టీ ఎత్తింది, దించింది, కడిగింది, కట్లు కట్టింది. చివరి వారం ఆమె పెరట్లో పాక సిద్ధం చేసింది. మనిషి పోయిన చోట మనుషులు బతకరాదు. పాక అయితే వదిలేసి ఇంకోచోట వేసుకోవచ్చు. అందుకే పోయేవాళ్ళని ఇంట్లోంచి పాకలోకి తెస్తారు. ఆయన మంచం పట్టె పట్టుకుని “నా ఇంట్లోంచి నన్నే గెంటుతావా?” అన్నాడు. ఓపల్ మంచం పక్కన బైబిలు తెరిచి కూర్చుని ఉంది. “కదపకు. ఆ పాత భయాలన్నీ వదిలెయ్. వాడు ఇక్కడే ప్రశాంతంగా పోనీ” అంది. మొదటిసారి ఆయనా, చర్చివైపు ఓపలూ లెట్టీకి ఒకే మాట చెప్పారు. ఆయన ఆ మంచం మీదే, ఆ గదిలోనే పోయాడు.

సిమెంటు ఇంటిని ఎలా వదిలెయ్యాలి? నోరా ఆఫీసులో అడిగి చూసింది. వదిలేస్తే ఇంకో ఇల్లు రాదన్నారు. అందుకని లెట్టీ ఆయన కోసం వేసిన పెరటి పాకలోకి మారిపోయింది. ఆ ఇంట్లో ఆయన, ఈ పాకలో ఆమె. నీళ్ళకీ గిన్నెలకీ లోపలికి వెళ్ళాలి. వెళ్ళినప్పుడల్లా గుమ్మంలో నిలబడి “నేనే” అని చెప్పి వెళుతుంది. వారానికోసారి మంచం దుప్పటి ఉతికి ఆరేసి మళ్ళీ పరుస్తుంది. ఉతక్కపోతే ఎవరో పడుకుని లేచినట్టు ముడతలు పడి ఉంటోంది. జావ పలచగానే కాస్తుంది. చిక్కగా కాసిన ఒకటి రెండు సార్లూ ఉదయం లేచేసరికి గడియ లోపలినుంచి వేసి ఉంది. కిటికీలోంచి చెయ్యి పెట్టి తీసుకోవలసి వచ్చింది. తలుపు గాలికి కొట్టుకుని గడియ జారి ఉంటుందిలే అంది నోరా. అయి ఉండొచ్చు. మరోసారి నోరాయే గుమ్మంలో ఆగిపోయి, లోపలికి రాకుండా, “అమ్మా, నువ్వు పెళ్ళాంగా చేసినదానికంటే విధవగానే ఎక్కువ చాకిరీ చేస్తున్నావు” అని వెనక్కి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల నడక మామూలుగా లేదు.

ఈ మార్చిలో హోమర్ గుండె ఆగిపోయింది. తోటలో బండి కింద నట్టు బిగిస్తూ అలాగే పడుకుండిపోయాడట. చర్చివాళ్ళు పాటలు పాడి పాతిపెట్టారు. ఆ క్షణం నుంచి లెట్టీకి అతను అన్న అయ్యాడు, పేరు పోయింది. పెద్దమ్మ కొడుకు, చిన్నప్పుడు నాటు పడవలో ఆమెని కూర్చోబెట్టుకుని చిత్తడిలో రంపపు గడ్డి మధ్య తిప్పినవాడు. ఇంకా తల దువ్వని విధవ కాబట్టి గుంపులో నిలబడకుండా చెట్టుకింద నిలబడి చూసింది. ఓపల్ నల్లగౌనూ, నల్లటోపీ వేసుకుని, ఉంగరాల జుట్టుతో నిటారుగా నిలబడింది. ఎవరూ ఆమెని పాక వెనక్కి తీసుకెళ్ళలేదు. ఎవరూ ఆమె దండలు తియ్యలేదు. ఈమెకి ఎంత తేలిక అనుకుంది లెట్టీ, అన్న కోసం ఏడుస్తూనే.

తరువాతి ఆదివారం, చర్చి గంట కొట్టాక, ఊరంతా చర్చిలో ఉండే వేళకి ఓపల్ గట్టు దిగి వచ్చింది. లెట్టీ పాకలో మొక్కజొన్నలు దంచుతోంది.

“చర్చికి వెళ్ళలేదేం వదినా?”

ఓపల్ మంచె మీద కూర్చుంది. ఆ కూర్చోవడంలో నాలుగు రోజులుగా నిద్రలేని మనిషి బరువుంది. ఇంటివైపు ఒకసారి చూసి, చటుక్కున ముఖం తిప్పుకుంది.

“వస్తున్నాడు” అంది.

“ఎవరు?”

“మీ అన్న. సాయంత్రం కాగానే వరండాలో కుర్చీ కిర్రుమంటుంది. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు, కుర్చీ ఊగుతూ ఉంటుంది. నిన్న బూట్లు గుమ్మం దగ్గర ఉన్నాయి లెట్టీ. వాటిని నేను అంతకుముందే పెట్టెలో పెట్టి చర్చికి ఇచ్చేశాను.” గొంతు తగ్గించింది. “నా తల విప్పు.”

“ఏమిటీ?”

“విప్పు. దండలు తీసెయ్. పండగలో మళ్ళీ నువ్వే వచ్చి దువ్వు. మీ పిన్నులూ పోయారు, పక్షి వాళ్ళలో ఇప్పుడు పెద్దదానివి నువ్వే. నువ్వు తప్ప ఇంకెవరూ చెయ్యడానికి లేదు.”

రోకలి పట్టుకున్న చేతులతోనే లెట్టీ ఆమెకేసి చూసింది. ఓపల్ టోపీ తీసేసింది. కత్తిరించిన ఉంగరాలు చెమటకి నుదుటికి అతుక్కుని ఉన్నాయి.

“విప్పడానికి నీకు జుట్టేదీ వదినా?”

ఓపల్ ఉంగరాలని చేత్తో వెనక్కి తోసుకుంది. “ఉన్నంతలో విప్పవే” అంది.

“మీరా పనులు మానేశారుగా.”

“మేం మానేశాం” అంది ఓపల్. “వాళ్ళు మానలేదు.”

కాలవలో ఏదో నీళ్ళు కదిపింది. మొసలి కావచ్చు. లెట్టీ రోకలి కింద పెట్టింది. ఇంతసేపూ తలలో ఒక మూల నిద్రపోతున్నది ఏదో లేచి కూర్చున్నట్టయింది ఆమెకి.

“నీకు తెలుసు” అంది మెల్లగా. “మూడేళ్ళ నుంచీ తెలుసు. నువ్వు నమ్మవనుకున్నాను నేను. నమ్మని మనిషిని ఏమని అడుగుతాను, పాపం చర్చిలో చిన్నబోతుందేమో అనుకున్నాను. ట్రక్కులో కూర్చున్నాను మూడు పండగలు. నీకు తెలుసు, తెలిసే రాలేదు.”

“లెట్టీ...”

“ఎందుకు?”

ఓపల్ చేతుల్లో టోపీ తిప్పింది. ఇంటివైపు చూడకుండానే, దాని వైపు చెయ్యి చూపించింది.

“దువ్వితే నువ్వు విడిపోతావు. విడిపోతే వాడికి ఇక్కడ పనేముంది? సొంతవాళ్ళ దగ్గరికే రావాలి. సొంతవాళ్ళెవరున్నారు, నేను తప్ప? పెద్దమ్మ బతికుంటే ఆవిడ చూసుకునేది. నేనొక్కదాన్ని... నీకు అలవాటే కదా అనుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు చేశావు. ఇంకొన్నాళ్ళు చేస్తే నీకేం బరువు అనుకున్నాను.”

నీకు అలవాటే కదా. లెట్టీ ఆ మాటని లోపల ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకుంది. ఆయన పాదానికి కట్టు కట్టేటప్పుడు నర్సు అన్నమాట అది. అట్ట తెచ్చినప్పుడు తెల్లావిడ అన్నది. చర్చి భోజనాలకి దుంపలు చిదిమేటప్పుడు ఈ ఓపలే అన్నది. బతికున్నవాడికి చేసింది చేసింది. చచ్చినవాడి చాకిరీ కూడా, దుప్పటి ఉతకడం, పలచటి జావ, గుమ్మంలో నిలబడి నేనే అని చెప్పుకోవడం, ఇదంతా తన తలరాత అనుకుంది, మూడేళ్ళ పాటు. తలరాత కాదు. ఎవరో బాగా ఆలోచించుకుని, తమ గుమ్మంలో పడకుండా, ఆమె గుమ్మంలో దించిపోయిన బరువు. ఇటుకల ఇల్లు కట్టినవాళ్ళూ, కాగితాలు రాసినవాళ్ళూ మగవాళ్ళని మార్చారని ఆమె అనుకునేది. ఈ పని మాత్రం వాళ్ళు చెయ్యలేదు. పాకల్లో అయితే ఏడుగురు ఆడవాళ్ళూ తల ఎత్తి చూసేవాళ్ళు. గోడలు వచ్చాక ఓపల్‌కి కూడా ఎవరూ చూడరని తెలిసింది, అంతే.

కోపం వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. నిద్రలేక గుంటలు పడ్డ ఓపల్ కళ్ళని చూస్తే, అద్దంలో తన కళ్ళే గుర్తొచ్చాయి. ఇప్పుడు ఈ ఉంగరాల జుట్టు తడిపి చిందరవందర చేసి, పండగ దాకా ఆగు అని పంపించెయ్యొచ్చు. పండగ నాటికి మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని కబురు చెయ్యొచ్చు. అది ఎంత తేలికో ఆమెకి కనబడింది. ఓపల్‌కీ ఇంత తేలిగ్గానే కనబడి ఉంటుందని తోచి ఆమెకి భయం వేసింది.

“నిన్ను నేను విధవగా కట్టను” అంది.

ఓపల్ మంచె మీంచి ముందుకి వంగింది. “లెట్టీ, అలా అనకే, నీ కాళ్ళు...”

“విను ముందు. అన్న మావాడు. మావాణ్ణి మా పెద్దమ్మ కన్నది, నువ్వు కాదు. నీ వరండాలో ఎందుకుంటాడు? సాయంత్రం నేనూ నోరా వచ్చి తీసుకొచ్చుకుంటాం. కుర్చీ కూడా ఇచ్చెయ్. ఈ పాకలో వేసుకుంటాను. చిన్నప్పుడు నన్ను పడవలో తిప్పాడు, ఇప్పుడు నా దగ్గర నాలుగు రోజులు కూర్చుని దారి తెలిశాక వెళతాడు. నీకు వాడి బాకీ ఏమీ లేదు. పండగ దాకా తల విరబోసుకోనక్కర్లేదు. పక్షి వాళ్ళ పెద్దగా చెప్తున్నాను, చెల్లుతుంది.”

ఓపల్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదిలాయి. కాసేపటికి ముక్కు తుడుచుకుని, చేతిసంచి వెతికి, చిన్న దువ్వెన బయటికి తీసింది. “రా. కూర్చో. పండగ దాకా ఎందుకు, ఇప్పుడే దువ్వేస్తాను. ఏం కావాలంటే అది...”

“వద్దు.”

“తప్పయిందంటున్నానుగా!”

“తల నాది వదినా. దాని సంగతి నేను చూసుకుంటాను. మనిషి మీవాడు. తీసుకుపో.”

ఓపల్‌కి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఇంటివైపు చూసింది. “ఎలా తీసుకెళ్ళాలో నాకు తెలీదే. పెద్దమ్మ ఏమీ చెప్పకుండానే పోయింది. ఏదో పాట ఉంటుంది, మందు ఉంటుంది...”

“నాకూ తెలీదు. పిలువు. నీ గొంతు గుర్తుపడతాడు.”

“రాకపోతే?”

“ఈ వేసవి నేను ట్రక్కులో కూర్చోను” అంది లెట్టీ. “మొదటి గజ్జె నేనే కట్టుకుంటాను. మీవాడు వచ్చినా రాకపోయినా, ఈ ఇంట్లో ఇవాల్టి నుంచి దుప్పటి ఉతికేవాళ్ళు లేరు, జావ కాసేవాళ్ళు లేరు. ఆ మాట కూడా చెప్పు.”

ఓపల్ లేచింది. పెరడు దాటి ఇంటి మెట్ల దాకా వెళ్ళి ఆగింది. టోపీ పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది. తలుపు తెరిచింది, లోపలికి అడుగు పెట్టలేదు. ముందు ఇంగ్లీషులో ఏదో ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. తరువాత ఆమె నోట వచ్చిన మాటలు లెట్టీ విని ఎన్నో ఏళ్ళయింది. గాలి వాళ్ళ పాకల్లో పసిపిల్లల్ని పిలిచే మాటలు అవి, పెద్దయ్యాక ఎవరూ ఎవరితోనూ అనని మాటలు.

“తమ్ముడూ, చిన్నోడా, రారా. పొద్దుపోతోంది, ఇక చాలు ఆట. ఇది మన ఇల్లు కాదురా, అత్తగారిల్లు. ఎన్నాళ్ళుంటావు ఇక్కడ? అక్కని వచ్చాను కదా. రా నాన్నా, భయం లేదు, రా.”

ఓపల్ అలాగే నిలబడింది, చెయ్యి కొంచెం చాపి. ఎంతసేపో లెట్టీకి తెలియలేదు. ఆ తరువాత ఓపల్, ఎవరికో దారి ఇస్తున్నట్టు, మెట్టు మీద ఒక పక్కకి జరిగింది.

లెట్టీ కళ్ళు మూసుకోలేదు. ఏదైనా కనబడితే చూద్దామనే అనుకుంది. ఏమీ కనబడలేదు. ఎండలో తెరిచిన తలుపు, లోపల నీడ, నీడలో మంచం కోడు. ముప్ఫై నాలుగేళ్ళు, దానిమీద మూడు. ఆ ఇల్లు కట్టక ముందు, తల్లి వాకిట్లోకి మొదటిసారి వచ్చిన రోజున, ఆయన సిగ్గుపడుతూ, ఎక్కడ కూర్చోవాలో తెలియక, కుండ పక్కన నిలబడిపోయాడు. ఎవరూ చెప్పకుండానే మంటలోకి దుంగ జరిపాడు. అది గుర్తొచ్చి ఆమెకి ఏడుపొచ్చింది. పొమ్మని తనే అంది. అయినా ఏడుపు ఆగలేదు.

ఓపల్ మాట్లాడకుండా పెరడు దాటి గట్టెక్కింది. గట్టు సన్నం, ఒక మనిషికే సరిపోతుంది. ఓపల్ మాత్రం కాలవ అంచుకి జరిగి, కాళ్ళ కింద మట్టి రాలుతున్నా పట్టించుకోకుండా, తమ్ముణ్ణి నీళ్ళవైపు రానివ్వని అక్కలాగా, లోపలివైపు ఒక మనిషికి చోటు వదిలి, మెల్లగా, వెనకబడేవాళ్ళ కోసం ఆగి ఆగి నడిచి వెళ్ళింది.